దేవాంగ పిల్లి రోడ్డు దాటాలంటే: బెంగళూరు బడిపిల్లలకు బొమ్మలాటతో వన్యప్రాణుల పాఠం

రెండో తరగతి పిల్లలకు కాగితాలిచ్చి అడవి జంతువుల్ని గీయమంటే సింహం, జిరాఫీ, జీబ్రా గీస్తారు. జిరాఫీ, జీబ్రా అసలు మన దేశపువే కావు. సింహాలు గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో తప్ప మన అడవుల్లో ఎక్కడా లేవు. ఆ పిల్లలుండే బెంగళూరులోనే, ఐఐఎస్సీ క్యాంపస్ చెట్ల మీదా ఊరి అంచున మిగిలిన చిన్న చిన్న అడవి ముక్కల్లోనూ, రాత్రిపూట దేవాంగ పిల్లి (ఇంగ్లిష్‌లో స్లెండర్ లోరిస్ అనే చిన్న చెట్టు ప్రాణి) తిరుగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పరు. కన్నడంలో దాన్ని కాడుపాప అంటారు. చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చిన ఇళ్లలో తాతలకూ అమ్మమ్మలకూ అది బాగా తెలుసు. శేషాచలం కొండల్లోనూ ఉంటుంది.

ఈ మార్గదర్శి ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా చదివే పిల్లల కోసం. బడిలో చెప్పే టీచర్లకూ, అపార్ట్‌మెంట్లలో ఆదివారం తెలుగు బడి నడిపేవాళ్లకూ పనికొస్తుంది. కావలసింది నలభై నిమిషాల పీరియడ్లు ఐదారు, ఒక తెల్ల పంచె, ఒక లైటు. ఖర్చు కంటే ఓపిక ఎక్కువ పడుతుంది.

పద్ధతిలో అసలు సంగతి ఒక్కటే. పిల్లవాడు కథ మధ్యలో ఏదో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయానికి వచ్చే ఫలితం ఆ ప్రాణి అసలు స్వభావం నుంచే రావాలి, మనం చెప్పదలచుకున్న నీతి నుంచి కాదు. మిగతాదంతా దాని కోసం చేసే ఏర్పాటు.

మొదటి అడుగు: ప్రాణిని ఎంచుకోవడం

పులి, ఏనుగు వద్దని కాదు. బన్నేరుఘట్ట ఏనుగులు ఈ ఊరికి దూరమేమీ కాదు. కానీ మొదటిసారి చేసేటప్పుడు పిల్లల వీధికి దగ్గరగా ఉండేదాన్నే తీసుకోండి. ఆ ప్రాణి కష్టంలో పిల్లలు వేలు పెట్టగలిగేది ఏదైనా ఉందా అని చూడండి. అది ఎలాంటి బొమ్మకు నప్పుతుందో కూడా చూడండి.

నీడబొమ్మలాటకు దేవాంగ పిల్లి చక్కగా కుదురుతుంది. అది రాత్రి ప్రాణి, ఆట చీకట్లో జరుగుతుంది. దాని పెద్ద కళ్లు టార్చి వెలుగులో నిప్పుకణికల్లా మెరుస్తాయి, తెర మీద అది చాలా తేలిగ్గా చూపించవచ్చు. పేరులో పిల్లి ఉన్నా అది కోతుల వైపు చుట్టం. బరువు పావుకిలోకు అటూ ఇటూ. తోక ఉండదు. సన్నటి కాళ్లూ చేతులతో కొమ్మను గట్టిగా పట్టుకుని నిదానంగా నడుస్తుంది, కోతిలా దూకదు. ఎక్కువగా పురుగుల్నే తింటుంది, చెట్ల జిగురు కూడా నాకుతుంది. చేతులకూ కాళ్లకూ తన మూత్రమే రాసుకుంటుంది (ఇది చెప్పాక క్లాసును అదుపులోకి తెచ్చుకోవడానికి రెండు నిమిషాలు కేటాయించుకోండి). పిల్ల కాస్త పెరిగాక తల్లి దాన్ని ఒక కొమ్మకు అంటించి మేతకు వెళ్లి, మళ్లీ వచ్చి తీసుకుంటుంది. పార్కింగ్ దొరకని ఊళ్లో ఈ ఒక్క ముక్కకు పెద్దవాళ్లు కూడా నవ్వుతారు.

రెండో అడుగు: ముడి పట్టుకోవడం

ఇలా తెలిసినవన్నీ ఒక కాగితం మీద రాయండి. తర్వాత రెండు మూడు తప్ప అన్నీ కొట్టేయండి. నిజమైన కష్టం ఇక్కడే. అన్నీ ముచ్చటగానే ఉంటాయి, ఏదీ వదలబుద్ధి కాదు. కానీ ఏడేళ్ల పిల్లవాడు ఒక ఆటలో ఒక్క ముడినే, అంటే కథంతా ఆధారపడే ఒక్క చిక్కునే, గుర్తుపెట్టుకుంటాడు. దేవాంగ పిల్లి విషయంలో నేను ఉంచేది ఇది: అది దూకదు, అందుకని కొమ్మా కొమ్మా కలిసి ఉంటేనే ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి వెళ్లగలదు. కొట్టేసిన విషయాలు వృథా కావు, నవ్వులాటలో వాడుకోవచ్చు.

బొమ్మ మాట్లాడవచ్చా? మాట్లాడవచ్చు. జంతువులు మాట్లాడే కథలు వింటూనే మన పిల్లలు పెరుగుతారు. కానీ మాట్లాడేది ఆ ప్రాణికి ఉండే అవసరాల గురించే ఉండాలి. ఆకలి, భయం, దారి, పిల్ల, చలి. దేవాంగ పిల్లికి పుట్టినరోజు చేసి కేకు కోయించకండి. అన్ని జంతువులూ కలిసి మీటింగు పెట్టి మనుషులకు బుద్ధి చెప్పే కథలు కూడా వద్దు, వాటిలో ఏ జంతువూ తనలా ఉండదు.

కథ రాశాక ఒక పరీక్ష పెట్టండి. దేవాంగ పిల్లి అన్నచోటల్లా కుందేలు అని మార్చి చదవండి. కథ ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోతే మీరు రాసింది దేవాంగ పిల్లి కథ కాదు. మళ్లీ రాయండి.

ఇంకో జాగ్రత్త, విలన్‌ను పెట్టవద్దు. గొడ్డలి పట్టుకున్న చెడ్డవాణ్ని పెడితే ఆట రంజుగా ఉంటుంది. కానీ క్లాసులో ఒకరి నాన్న జేసీబీ నడుపుతుండవచ్చు, ఇంకొకరి ఇల్లు చెట్లు కొట్టేసి కట్టిన లేఅవుట్‌లోనే ఉండవచ్చు. రోడ్డు కూడా కావలసిందే, అంబులెన్సు దాని మీదే వెళ్తుంది. ఆ చిక్కు చిక్కుగానే ఉండనివ్వండి.

నేను వాడే కథ ఇంత. మొదటి రాత్రి తల్లి పిల్లను నిద్రగన్నేరు కొమ్మ మీద ఉంచి, కానుగ చెట్ల మీదుగా వేపచెట్టు దాకా వెళ్లి పురుగులు తిని తెల్లారేలోపు తిరిగి వస్తుంది. పగలు అది నిద్రపోతుంటే రోడ్డు వెడల్పు కోసం మధ్యలోని కానుగలు కొట్టేస్తారు. రెండో రాత్రి తల్లి బయల్దేరుతుంది, దారి లేదు. ఆట అక్కడ ఆగుతుంది, ఇక పిల్లలదే పని.

మూడో అడుగు: బొమ్మలు

మన తోలుబొమ్మలు మేకతోలును పలుచగా, వెలుతురు దూరేలా చేసి, రంగులు వేసి, సన్నగా రంధ్రాలు పొడిచి తయారు చేస్తారు. మనిషంత ఎత్తు బొమ్మలు కూడా ఉంటాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు పేరున్న ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. హిందూపురం వైపు ప్రయాణాలుండే బెంగళూరు తెలుగువాళ్లకు అదేమంత దూరం కాదు. ఒకసారి వెళ్లి కీళ్లు ఎలా కడతారో కళ్లారా చూస్తే, వీడియోల్లో చూసి నేర్చుకునేదానికంటే ఎక్కువ పట్టుబడుతుంది.

బడిలో తోలు అక్కర్లేదు. మందంగా ఉన్న అట్ట చాలు, స్వీటు డబ్బాల మూతలు బాగుంటాయి. దేవాంగ పిల్లిని ఐదు ముక్కలుగా కోయండి: తలతో కలిపి ఒళ్లు, రెండు చేతులు, రెండు కాళ్లు. కీలు దగ్గర రంధ్రం చేసి లావు దారం దూర్చి రెండువైపులా ముడి వేయండి. ముడి మరీ బిగిస్తే చెయ్యి కదలదు, మరీ వదులైతే వేలాడుతుంది. ఒంటికి ఒక వెదురు పుల్ల, ముందు చేతులకు ఒక్కో కొబ్బరి ఈనె కట్టండి. చేతి చివర సన్నటి తీగను కొక్కెంలా వంచి అతికిస్తే బొమ్మ నిజంగానే కొమ్మకు తగులుకుంటుంది.

కళ్ల దగ్గర పంచింగ్ మిషన్‌తో రెండు రంధ్రాలు చేసి వెనక నారింజ రంగు జిలెటిన్ పేపరు అతికించండి. తెర మీద ఒళ్లంతా నల్లటి నీడ, రెండు కళ్లు మాత్రం వెలుగుతాయి. ఈ పని పిల్లల చేతే చేయించాలి, లైటు వేయగానే వాళ్ల ముఖాలు చూడండి.

చెట్లకు బొమ్మలు కోయవద్దు. బడి ఆవరణలో రాలిన ఎండుపుల్లలు, వేప, కానుగ ఆకులు తెచ్చి పంచెకు క్లిప్పులతో పెట్టేస్తే నీడ అచ్చం చెట్టులాగే పడుతుంది. ఏ ఆకు ఏ చెట్టుదో కూడా అందులోనే తెలిసిపోతుంది. ఈకలు, గూళ్లు, గుడ్డు పెంకులు మాత్రం ఏరుకు రమ్మనవద్దు. రామచిలుకో, నక్షత్ర తాబేలో ఇంట్లో ఉంది తెస్తానని ఎవరైనా అంటే సున్నితంగా ఆపండి. వాటిని పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పిల్లవాణ్ని అందరి ముందూ తప్పు పట్టకుండా పెద్దవాళ్లతో విడిగా మాట్లాడండి.

నాలుగో అడుగు: తెర, వెలుతురు, చీకటి

రెండు కుర్చీల మధ్య వెదురు కర్ర కట్టి తెల్ల పంచెను బిగుతుగా లాగి కట్టండి. ముడతలుంటే నీడ వంకర పోతుంది. ట్యూబ్‌లైటు పనికిరాదు, పొడుగ్గా ఉంటుంది కాబట్టి నీడ అలికినట్టు పడుతుంది. ఒక్క చుక్క నుంచి వచ్చే వెలుతురు కావాలి, మొబైల్ టార్చి అందుకు బాగా పనికొస్తుంది. దాన్ని తెరకు నాలుగైదు అడుగుల వెనక, ఆడించేవాళ్ల తలకంటే ఎత్తులో పెట్టండి, లేకపోతే వాళ్ల తలలే ముఖ్యపాత్రలవుతాయి. బొమ్మను పంచెకు ఆనించి ఆడిస్తే నీడ స్పష్టంగా ఉంటుంది. లైటు వైపు జరిపే కొద్దీ పెద్దదై మసకబారుతుంది. గుడ్లగూబ వచ్చే చోట ఆ మసక బాగుంటుంది.

పగటిపూట క్లాసురూము చీకటి చేయడం ఒక పెద్ద పని. కిటికీలకు వార్తాపత్రికలు రెండు పొరలు, వాటి మీద దుప్పట్లు. పూర్తి చీకటి రాకపోయినా పరవాలేదు, చిన్నపిల్లలకు అదే మంచిది. చీకటంటే భయపడేవాళ్లను ముందే కనుక్కుని లైటు దగ్గర కూర్చోబెట్టి, దాన్ని ఆర్పి వెలిగించే బాధ్యత వాళ్లకే ఇవ్వండి.

రాత్రి దేవాంగ పిల్లుల్ని లెక్కపెట్టే పరిశోధకులు వాటి కళ్లకు ఇబ్బంది తక్కువని ఎర్రటి వెలుతురు వాడతారు. ఆటలో కూడా 'లెక్కలు తీసే అక్క' పాత్ర టార్చికి ఎర్ర జిలెటిన్ పేపరు చుట్టుకుని రావాలి. ఎందుకని పిల్లలే అడుగుతారు.

ఐదో అడుగు: కేతిగాడు, బంగారక్క

పిల్లలతో మాట్లాడించడానికి కొత్త పద్ధతులు వెతుక్కోనక్కర్లేదు. తోలుబొమ్మలాటలో కథ ఆపి మధ్యలో దూరి జనాన్ని నవ్వించే కేతిగాడు, బంగారక్క మనకు ఉండనే ఉన్నారు. సంప్రదాయంలో వీళ్ల హాస్యం మోటుగా ఉంటుంది, దాన్ని బడి గేటు బయట వదిలేయండి. మనకు కావలసింది కేతిగాడి మూర్ఖత్వం. వాడు ప్రతిదీ తప్పు చెప్పాలి, పిల్లలు దిద్దాలి.

"బంగారక్కా! చెట్టు మీద దయ్యం! కళ్లు ఎర్రగా ఉన్నాయి!"

"దయ్యమేంట్రా! పిల్లల్నడుగు, చెబుతారు."

"అయితే పిల్లేమో. పేరులోనే ఉంది కదా. పాలు పోయనా?"

ఇక్కడ ఆపండి. పాలు వద్దని నలుగురైనా అరుస్తారు. కేతిగాడు వెంటనే ఒప్పుకోకూడదు. "మరి ఏం తింటుంది? ఇడ్లీయా? మీకెలా తెలుసు?" అని నిలదీయాలి. ఆ చివరి ప్రశ్నే ముఖ్యం. 'టీచర్ చెప్పారు' అనే జవాబు నుంచి 'ఇందాక పురుగును పట్టుకుంది, చూశాం' అనే జవాబుకు పిల్లలు రావాలి. అందుకే మొదటి రాత్రి దృశ్యంలో మాటలు తక్కువ పెట్టి, బొమ్మ చేసే పనులు ఎక్కువ పెట్టుకోవాలి.

అవును, కాదు అని మాత్రమే చెప్పగలిగే ప్రశ్నలు వరసగా వేస్తే పిల్లలు గోల చేస్తారు తప్ప ఆలోచించరు. ఆటకు మొత్తం మీద రెండు మూడు చాలు. బుర్రకథలో వంత పాడినట్టు ఒక పల్లవి కూడా ఇవ్వండి. తల్లి కొమ్మ మారినప్పుడల్లా క్లాసంతా "పట్టుకో... వదులు... పట్టుకో" అని మెల్లగా అనాలి. ఆ లయకే బొమ్మ చెయ్యి కదలాలి. పిల్లలు తొందరపెడితే బొమ్మ ఆగిపోవాలి. ఆ ప్రాణి ఎంత నిదానమో ఈ వంతతో తెలిసిపోతుంది. నిశ్శబ్దం కావలసినప్పుడు తాళం ఒక్కసారి కొడితే చాలు, 'సద్దు చేస్తే అది కదలదు' అనే నియమం ముందే పెట్టుకుని ఉంటారు కాబట్టి.

ఆరో అడుగు: చెట్ల ఆట

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఉంచుకోండి, ఒక పీరియడ్ మొత్తం. తెర మీద ఆట దారి లేని చోట ఆగింది. ఇప్పుడు లైట్లన్నీ వేసి బల్లలు పక్కకు జరపండి.

ఒక సాక్సులో పావుకిలో బియ్యం పోసి ముడి వేసి కళ్లు కుట్టండి. అసలు ప్రాణి అంతే బరువు ఉంటుంది, చేతిలో పెట్టుకోగానే 'ఇంతేనా!' అంటారు. పన్నెండు మంది పిల్లలు చెట్లయి వరసగా నిలబడాలి. పాదాలు వేళ్లు, కదలకూడదు. చేతులు కొమ్మలు, పక్కవాళ్ల వేళ్లకు తగిలేలా చాపాలి. సాక్సు బొమ్మను ఒక చివర నుంచి ఇంకో చివరికి చేతి మీంచి చేతికి జరపాలి. విసరకూడదు, ఎందుకంటే అది దూకదు. మిగతా క్లాసు వంత పాడుతుంది. రెండుసార్లు జరిగాక కేతిగాడు సుద్దముక్కతో వచ్చి మధ్యలో రోడ్డు గీసి, ముగ్గురు చెట్లను తీసుకెళ్లి కూర్చోబెడతాడు.

ఇప్పుడు అడగండి: ఈ రాత్రి ఇది ఏం చేయాలి? ఎవరు సలహా చెబితే వాళ్లే వచ్చి బొమ్మను పట్టుకుని చేసి చూపించాలి. బ్రెజిల్ నాటక దర్శకుడు ఆగస్టో బోల్ పెద్దవాళ్ల కోసం నడిపిన ఫోరమ్ థియేటర్‌లో జరిగేదీ ఇదే. నాటకం ఆపి, చూసేవాడు లేచొచ్చి పాత్ర స్థానంలో నిలబడి వేరే దారి ప్రయత్నిస్తాడు.

పిల్లలు చెప్పేవి కొంతవరకు ఊహించవచ్చు. నేల మీదికి దిగి దాటాలంటారు. సరే, దిగనివ్వండి. కూర్చున్నవాళ్లలో నలుగురు బైకులు, ఇద్దరు కుక్కలు. బొమ్మ వంత లయకే కదలాలి, పరుగెత్తకూడదు. ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. కరెంటు తీగ మీద పోవాలని ఇంకొకరంటారు. తీగగా ఒక రిబ్బను కట్టి నడవనివ్వండి, రెండు తీగలు ఒకేసారి తగిలితే షాక్ కొడుతుందని బంగారక్క చెప్పాలి. అక్కడే ఉండిపోవాలనేవాళ్లకు 'ఈ చెట్టు మీద పురుగులు ఎన్ని రాత్రులకు సరిపోతాయి?' అనే ప్రశ్న వేయండి. 'నేనే ఎత్తుకుని దాటిస్తా' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మంచి మనసుతో అన్న మాట, కొట్టిపారేయవద్దు. రేపు రాత్రి ఎవరు దాటిస్తారు, పరీక్షల రోజుల్లో ఎవరు వస్తారు అని కేతిగాడి చేత అడిగించండి. దాన్ని పట్టుకోవడం చట్టం ఒప్పుకోదనీ, మనిషి చెయ్యి తగిలితే బెదిరిపోతుందనీ అప్పుడు చెప్పండి.

మొక్కలు నాటుదామనే జవాబు చివరికి వస్తుంది. చప్పట్లు కొట్టి ముగించేయాలని టీచర్లకు అనిపించేది సరిగ్గా ఇక్కడే. ముగించకండి. క్లాసులో ఒకరిని రోడ్డు పక్కన మొక్కలా గొంతుక్కూర్చోబెట్టి, కొమ్మ అందేంత ఎత్తు పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో అడగండి. నీ చెల్లెలు నీ క్లాసుకు వచ్చేదాకానా, నువ్వు కాలేజీకి వెళ్లేదాకానా? అప్పటిదాకా దేవాంగ పిల్లి ఏం చేయాలి? ఈ ప్రశ్న దగ్గర క్లాసు కాసేపు ఆలోచనలో పడుతుంది. తర్వాత తాడు కడదాం, వెదురు కడదాం అంటారు. తమిళనాడులోని వాల్పారైలో సింహపు తోక కోతులు రోడ్డు దాటడానికి చెట్ల మధ్య ఇలాంటి వంతెనలు నిజంగానే కట్టారని అప్పుడు చెప్పండి, ముందు కాదు.

ఏడో అడుగు: భయాలు, నమ్మకాలు

ఆరేడేళ్ల పిల్లల ముందు బొమ్మను చంపకండి. బైకు దగ్గరికి వచ్చినప్పుడు లైటు ఆర్పేస్తే చాలు. పిల్ల కొమ్మ మీద ఒంటరిగా మిగిలే దృశ్యాన్ని పొడిగించవద్దు, ఇంటి దగ్గర అమ్మను వదిలి బడికి వచ్చే వయసు వాళ్లది.

దేవాంగ పిల్లి చుట్టూ మూఢనమ్మకాలు చాలా ఉన్నాయి. అపశకునమనీ, కళ్లు మందుకు పనికొస్తాయనీ అంటారు. చేతబడుల కోసం పట్టి అమ్ముతారు. ఇవి ఇంటి నుంచే వస్తాయి కాబట్టి 'మీ తాతకు తెలీదు' అన్నట్టు ఆట ఉండకూడదు. ముందురోజు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనండి: మీ ఊళ్లో దీన్ని చూశారా, ఏ చెట్టు మీద, ఏం చేస్తుండగా? శకునాల ప్రశ్న అడగకుండా చూసినదాని గురించి అడిగితే తాతల దగ్గర మంచి సమాచారం దొరుకుతుంది. దయ్యం మాటలన్నీ కేతిగాడికి అప్పగించండి. ఎలా పట్టుకుంటారో, ఎక్కడ అమ్ముతారో మాత్రం తెర మీదికి రానివ్వకండి.

ఎనిమిదో అడుగు: ఆట తర్వాత

క్విజ్ పెట్టవద్దు. మొదటి రోజు గీసిన జంతువుల బొమ్మల పక్కన కొత్త బొమ్మ గీయమనండి. చెట్టు ఉందా, కొమ్మ కలిసిందా, రాత్రి అని తెలుస్తోందా చూసుకుంటే ఏది ఎక్కిందో మీకే అర్థమవుతుంది.

తర్వాత బడి ముందు రోడ్డు మీద పగటిపూటే తల పైకెత్తి నడిపించండి. కొమ్మలు ఎక్కడ కలిశాయి, ఎక్కడ తెగాయి, ఏ చెట్టు కొడితే దారి పోతుంది? అది కాగితం మీద పటంగా గీస్తే కానుగ, వేప, నిద్రగన్నేరు పేర్లు బట్టీ పట్టకుండానే వచ్చేస్తాయి. వానాకాలానికి ముందు కొమ్మలు నరికేటప్పుడు ఆ పటం హెడ్‌మాస్టరు దగ్గరో, అపార్ట్‌మెంట్ సంఘం దగ్గరో ఉంటే పనికొస్తుంది. చెట్టు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలన్న సంగతి పెద్ద తరగతుల పిల్లలకు చెప్పవచ్చు.

రాత్రి పిల్లల్ని తీసుకెళ్లి దేవాంగ పిల్లి కోసం వెతకకండి. ఎక్కడైనా కనబడితే ఆ చోటు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, అమ్ముకునేవాళ్ల దాకా చేరుతుంది. దెబ్బ తగిలినది దొరికితే అటవీ శాఖకు చెప్పాలి. సాయంత్రం లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్కులోనో పెద్ద గబ్బిలాలు లేచి వెళ్లేది చూపిస్తే రాత్రి ప్రాణుల సరదా తీరుతుంది.

ఇదే పద్ధతిలో ఇంకొన్ని

గద్దకు ముడి గాలిపటం మాంజా. పాత గొడుగు గుడ్డతో రెక్కలు చేసి కర్రకు కట్టి క్లాసు మీదుగా తిప్పండి, మధ్యలో కట్టిన దారం కనబడకపోవడమే ఆట. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకల్ని తింటుంది. కానీ ఈ వయసులో నేర్పాల్సింది పాముల్ని గుర్తుపట్టడం కాదు, ఏ పామునైనా ముట్టుకోకుండా వెనక్కి జరిగి పెద్దవాళ్లను పిలవడం. పాలు తాగే, పగబట్టే పాముల్ని కేతిగాడికే వదిలేయండి.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు మించినది లేదు. జనవరి నుంచి మార్చి దాకా అవి బీచికి వచ్చి గుడ్లు పెడతాయి. 1988 నుంచి అక్కడ విద్యార్థులు రాత్రుళ్లు ఇసుకలో నడిచి ఆ గుడ్లను కాపాడుతున్నారు. పిల్ల తాబేళ్లు ఎక్కువ వెలుగున్న వైపు పాకుతాయి. వీధిదీపాలు లేని రోజుల్లో ఆ వెలుగు సముద్రం వైపే ఉండేది. చీకటి గదిలో ఒక మూల నీలి జిలెటిన్ పేపరు చుట్టిన చిన్న టార్చి సముద్రం, ఎదురు మూల ట్యూబ్‌లైటు రోడ్డు. పిల్లలు పాకుతుండగా ట్యూబ్‌లైటు వేయండి. స్విచ్ దగ్గర నిలబడిన పిల్లవాడు ఏం చేస్తాడన్నదే కథ.

బొమ్మల్ని ఆట అయ్యాక పుల్లలు విప్పి, రెండు అట్టల మధ్య పరిచి, దారంతో కట్టి బీరువా పైన పెట్టండి. నిలబెట్టి ఉంచితే వంగిపోతాయి. బెంగళూరు వానల్లో అట్ట మెత్తబడుతుంది, జూన్‌లో ఒకసారి తీసి ఆరబెట్టుకోవాలి. సాక్సులో బియ్యం మాత్రం అదే రోజు తీసేయండి, ఎలుకలు వస్తాయి.